పాత మియాటాను ట్రాక్ డేకి తీసుకెళ్లాలంటే: పవర్ సంగతి తర్వాత, వేడి సంగతి ముందు

అమెరికాలో ట్రాక్ డేకి (సొంత కారును పందెం లేకుండా రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి) వెళ్లే తేలికపాటి కార్లలో మాజ్దా ఎంఎక్స్-5 మియాటా కనబడని చోటు లేదు. ఈ వ్యాసం మొదటి రెండు తరాల గురించి. ఒకటి 1990 నుంచి 1997 దాకా వచ్చిన ఎన్‌ఏ, రెండోది 1999 నుంచి 2005 దాకా వచ్చిన ఎన్‌బీ. బరువు టన్ను అటూఇటూ. అందుకే టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, పెట్రోలు అన్నీ చవగ్గా తేలిపోతాయి. డల్లాస్‌లోనో బే ఏరియాలోనో ఉంటూ వారాంతానికి రెండో కారుగా ఒకటి కొని, అప్పటికే ఎవరో సస్పెన్షన్, చక్రాలు మార్చేసిన బండితో మొదటిసారి ట్రాక్‌కి వెళ్దామనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

ఈ కారు ట్రాక్‌ మీద పవర్ చాలక ఓడిపోదు. బ్రేకుల్లో నూనె మరిగి, ఇంజన్‌లో నీళ్లు వేడెక్కి, చక్రం బేరింగ్ లూజై ఓడిపోతుంది. డబ్బు పెట్టే వరుస కూడా అలాగే ఉండాలి. ముందు మీ ప్రాణం, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత నీళ్ల చల్లదనం, టైర్లు, సస్పెన్షన్. టర్బో అన్నిటికంటే చివర. చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. అలాంటివాళ్లు మధ్యాహ్నం రెండింటికల్లా బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంటారు.

రోల్ బార్, సీటు, హెల్మెట్

ఓపెన్ టాప్ కారు గనక రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడే ఉక్కు గొట్టం) లేనిదే చాలా నిర్వాహక సంస్థలు లోపలికే రానివ్వవు. రానిచ్చినా వెళ్లకండి. సీట్ల వెనక షోకి పెట్టే క్రోమ్ గొట్టాలు రోల్ బార్ కావు. బాడీకి కింద ప్లేట్లు వేసి బోల్టులతో బిగించినది, వెనక్కి రెండు ఊతాలున్నది, వీలైతే మధ్యలో అడ్డంగా వాలు గొట్టం ఉన్నది కొనండి. హార్డ్ డాగ్, బ్లాక్‌బర్డ్ ఫ్యాబ్‌వర్క్స్ ఈ కార్లకే ప్రత్యేకంగా చేస్తాయి.

బార్ ఉంటే సరిపోదు, మీ తల దాని కిందే ఉండాలి. దీనికి చీపురుకర్ర పరీక్ష ఉంది. హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, మామూలుగా నడిపేటట్టు కూర్చోండి. రోల్ బార్ పైభాగం నుంచి ముందు అద్దం ఫ్రేమ్ పైభాగానికి ఒక కర్ర ఆనించమనండి. హెల్మెట్ కర్రకు తగలకూడదు. కొన్ని సంస్థలు మధ్యలో రెండు అంగుళాల ఖాళీ ఉండాలంటాయి. ఆరడుగుల మనిషి కంపెనీ సీట్లో కూర్చుంటే సాధారణంగా ఇక్కడే ఫెయిలవుతాడు. చవకైన మార్గం ఏంటంటే, సీటు కవర్ విప్పి కింది స్పాంజ్ కోసి తీసేయడం. అంగుళం పైగా కిందకు దిగుతారు. అదీ చాలకపోతే నేలకు నేరుగా బిగించే బకెట్ సీటు వేయించుకోవాలి. తల తగిలే అవకాశమున్న గొట్టం మీద ఎస్‌ఎఫ్‌ఐ 45.1 గట్టి ప్యాడింగ్ వేయండి. పైపులకు చుట్టే మెత్తటి నల్ల స్పాంజ్ దీనికి పనికిరాదు.

హెల్మెట్ స్నెల్ సంస్థ కార్ల పందేలకిచ్చే ఎస్‌ఏ ముద్ర ఉన్న రకం కొనండి. బైకులకిచ్చే ఎం రకానికి మంట తట్టుకునే పరీక్ష ఉండదు. ఎస్‌ఏ2020 గానీ, కొత్తగా వచ్చిన ఎస్‌ఏ2025 గానీ అయితే చాలా ఏళ్లు ఢోకా ఉండదు. నాలుగు, ఐదు పట్టీల హార్నెస్ మీద మోజుంటే మెడ కాపాడే హాన్స్ కూడా కొనాలి, సరైన సీటూ ఉండాలి. ఈ మూడూ కలిసి రానప్పుడు కంపెనీ మూడు పాయింట్ల బెల్టే నయం. సగం పని చేయించి హార్నెస్ వేసుకోవడం కంటే ప్రమాదకరమైన మార్పు ఈ కార్లలో ఇంకోటి లేదు.

బ్రేకులు

1.6 లీటర్ కార్ల ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లు, 1.8 వాటివి 255. ఎన్‌బీలో 2001 నుంచి కొన్నిటికి వచ్చిన స్పోర్ట్ బ్రేకులు ముందు 270. కంపెనీ పవర్‌తో ఉన్న కారుకు ఏ సైజైనా చాలు. పెద్ద కాలిపర్ల (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) కిట్ కొనడానికి ముందు నూనె, ప్యాడ్లు మార్చి చూడండి. నూటికి తొంభై సందర్భాల్లో అక్కడితో ఆగిపోవచ్చు.

మామూలు డాట్ 4 రకం బ్రేకు నూనె కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థాయికి కనీస ప్రమాణం 230 డిగ్రీల సెల్సియస్. తేమ పీల్చుకున్నాక అది 155కి పడిపోతుంది. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది కొత్తగా 312, తేమ పట్టాక 200కు పైగా డిగ్రీలు తట్టుకుంటుంది. అరలీటర్ సీసాలు రెండు తీసుకోండి. పాతదంతా బయటికి తోసేయడానికి అవి చాలు, ట్రాక్ దగ్గర మళ్లీ బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయాల్సి వస్తే కొంత మిగులుతుంది. సిలికాన్‌తో చేసే డాట్ 5 జోలికి మాత్రం పోవద్దు, పేరు దగ్గరగా ఉన్నా అది వేరే రకం.

గాలి తీసే వరుస, పెడల్ తొక్కితే నూనెను తోసే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరికి. అమెరికా కారులో వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు కాలిపర్ మీది నిపుల్ పావు మలుపు తిప్పి, నూనె వచ్చాక బిగించి, ఆ తర్వాతే పెడల్ వదలమనాలి. ఈ వరుస తప్పితే బయటి గాలి లోపలికి పోతుంది. రిజర్వాయర్ ఖాళీ కానివ్వకండి. ఆ చేత్తోనే క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తి చూడండి. లోపల తడి కనిపిస్తే మార్చేయండి. ఈ కార్లలో అది తరచూ పోయే వస్తువు, ధర తక్కువే, పోయిందంటే మాత్రం గేరు పడక రోజంతా పాడవుతుంది.

ప్యాడ్ల విషయంలో వీధి ప్యాడ్లు పనికిరావు. జీ-లాక్, కార్బోటెక్, హాక్ కంపెనీల ట్రాక్ ప్యాడ్లలో ముందుకు ఒక మెట్టు గట్టిది, వెనకకు దానికంటే ఒక మెట్టు మెత్తది వేయడం ఆనవాయితీ. కార్బోటెక్‌లో అయితే ముందు ఎక్స్‌పీ10, వెనక ఎక్స్‌పీ8. వెనక ఎక్కువ కరిచే ప్యాడ్ వేస్తే బ్రేక్ కొట్టినప్పుడు తోక తిరుగుతుంది. డిస్కులు సాదావే కొనండి. రంధ్రాలు పొడిచినవి చూడ్డానికి బాగుంటాయి, వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. కొత్త ప్యాడ్లను ఖాళీ రోడ్డు మీద 60 మైళ్ల వేగం నుంచి 10 మైళ్లకు ఎనిమిది పది సార్లు గట్టిగా తగ్గించి, పూర్తిగా ఆపకుండా, తర్వాత పది నిమిషాలు బ్రేక్ ముట్టకుండా నడిపి చల్లార్చండి. ట్రాక్‌కి వెళ్లే ముందు రాత్రి వేసి నేరుగా వెళ్లిపోతే మొదటి సెషన్‌లోనే డిస్కు మీద మచ్చలు కట్టి స్టీరింగ్ వణుకుతుంది.

ట్రాక్ మీద బ్రేకు తేడా చేసినప్పుడు కారణం కాలికే తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలింది. పెడల్ మెత్తబడి నేల దాకా పోతుంటే నూనె మరిగింది, ఆవిరి చేరింది. అది చల్లారాక బాగయినట్టే అనిపిస్తుంది, నమ్మకండి, గాలి తీయాల్సిందే. మూడోది కొత్తవాళ్లు పోల్చుకోలేరు. పొడుగు మలుపు దాటిన వెంటనే మొదటి తొక్కుడు లోతుగా పోయి, రెండో తొక్కుడుకు మామూలుగా ఉంటుంది. అది నూనె సమస్య కాదు. ముందు హబ్ (చక్రం బేరింగ్ ఉండే భాగం) లూజై, డిస్కు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతోంది. అంటుకుపోయే టైర్లు వేసిన మియాటాల్లో ముందు హబ్‌లు అరిగిపోవడం మామూలే. కారు జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపి చూస్తే తెలిసిపోతుంది. ఏ మాత్రం కదిలినా ఆ కారు ఆ రోజుకు చాలు.

నీళ్లు, ఆయిలు

ఈ కార్ల అసలు బలహీనత ఇక్కడుంది. మాజ్దా ఈ ఇంజన్‌ను మొదట ఫ్రంట్ వీల్ డ్రైవ్ 323 కోసం, అడ్డంగా పెట్టేందుకు తయారుచేసింది. అందులో వేడి నీళ్లు ఇంజన్ పైభాగమైన హెడ్ వెనక చివర నుంచి బయటికి వచ్చేవి. మియాటాలో దాన్ని నిలువుగా తిప్పి పెట్టేసరికి ఆ చివర డ్రైవర్ ముందున్న గోడకు ఆనింది. దాంతో థర్మోస్టాట్‌ను ముందుకు మార్చారు. పంపు ముందే, బయటికి దారీ ముందే. ఇంజన్ వెనక ఉన్న నాలుగో సిలిండర్ దగ్గరికి నీళ్లు సరిగ్గా చేరవు, అది మిగతా వాటికంటే వేడిగా నడుస్తుంది. వీధిలో ఇది పట్టించుకోనక్కర్లేదు. వేసవిలో టెక్సస్ ట్రాక్ మీద ఇరవై నిమిషాలు ఫుల్ థ్రాటిల్ అంటే పట్టించుకోవాలి. దీనికి మందు కూలెంట్ రీరూట్ కిట్. అది నీళ్ల దారిని మళ్లీ హెడ్ వెనక్కి మారుస్తుంది. కంపెనీ పవర్‌తో చల్లటి రోజుల్లో నడిపేవాళ్లకు తప్పనిసరి కాదు. టర్బో ఉంటే మాత్రం దీన్ని వాయిదా వేయకండి.

అంతకంటే ముందు చౌక పనులు చేయండి. రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్ రంగు చూడండి. అసలు రంగు నలుపు. అది గోధుమ రంగుకు తిరిగితే పగలడానికి సిద్ధమైనట్టే. అల్యూమినియం రేడియేటర్, కొత్త గొట్టాలు, కొత్త మూత, ఇంజన్ వెనక గోడ దగ్గరున్న హీటర్ గొట్టాలతో సహా ఒకేసారి మార్చండి. మొత్తం కూలెంట్ ఆరు లీటర్లు. కింద ప్లాస్టిక్ పళ్లెం ఉందో లేదో చూడండి. ఆయిల్ మార్చిన ప్రతివాడూ విసుగెత్తి పీకి పారేసే వస్తువు అది. అది లేకపోతే ముందునుంచి వచ్చిన గాలి రేడియేటర్‌ గుండా కాక కిందనుంచి జారిపోతుంది. పక్క ఖాళీలను కూడా స్పాంజ్‌తో మూసేస్తే ఇరవై డాలర్ల పని రెండొందల డాలర్ల భాగమంత లాభమిస్తుంది.

డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మి నడపకండి. ముఖ్యంగా ఎన్‌బీలో ఉష్ణోగ్రత ముల్లు చాలా దూరం మధ్యలోనే కదలకుండా కూర్చుంటుంది. కదిలిందంటే అప్పటికే ఆలస్యం. 1995 నుంచి ఆయిల్ ప్రెషర్ మీటరు కూడా అంతే, ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. నిజమైన అంకె చూపించే మీటర్లు రెండు, నీళ్లకొకటి, ఆయిల్ ప్రెషర్‌కొకటి పెట్టించుకోండి. నీళ్లు 105 డిగ్రీల సెల్సియస్ దాటితే గేరు ఒకటి పెంచి, ఒక రౌండు మెల్లగా తిరగండి. దిగకపోతే ట్రాక్ పక్కన కార్లు ఆపే పిట్‌లోకి వచ్చేయండి. ఆయిల్ ఉష్ణోగ్రత మీటరు ఉంటే 130 డిగ్రీలను గీతగా పెట్టుకోండి.

ఇంజన్ ఆయిల్ కొత్తది పోసి, డిప్‌స్టిక్ మీద ఫుల్ గీత దగ్గర ఉంచండి. సగానికి ఉంటే పొడుగు మలుపుల్లో ఆయిల్ ఓ పక్కకు చేరి పంపు గాలి పీల్చుతుంది. ప్రతి సెషన్ తర్వాత కారు సమతలంగా ఆపి చూసుకోండి. హెడ్ వెనకున్న క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ గట్టిపడి ఆయిల్ కార్చడం ఎన్‌ఏలో మామూలు. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడిగా కనిపిస్తే క్రాంక్ సీల్ అని కంగారు పడేముందు దాన్ని చూడండి. ఐదు గేర్ల బాక్స్‌కు 75డబ్ల్యూ-90 రెండు లీటర్లు, 1.8 డిఫరెన్షియల్‌కు ఒక లీటరు. 1990, 91 మొదటి కార్లలో క్రాంక్ ముక్కు పొట్టిగా ఉంటుంది, పుల్లీ వణుకుతోందేమో ఇంజన్ నడుస్తుండగా గమనించండి. వణికితే ఆ ఇంజన్‌ను ట్రాక్‌ ఎక్కించవద్దు.

టైర్లు, సస్పెన్షన్, అలైన్‌మెంట్

మొదటి ఏడాది 15 అంగుళాల చక్రాల మీద 205/50 సైజులో 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె, తక్కువైతే పట్టు ఎక్కువ) టైర్లు చాలు. హాన్‌కుక్ ఆర్‌ఎస్4 లాంటిది వేడికి తట్టుకుని చాలా రోజులొస్తుంది. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ వేగం ఎక్కువ, ఆయుష్షు తక్కువ. 15×9 చక్రం, 225/45 టైరు మోజు తర్వాత తీర్చుకోవచ్చు. పట్టు పెరిగేకొద్దీ హబ్‌ల మీద భారమూ పెరుగుతుంది.

ఇంత తేలికైన కారుకు గాలి ఎక్కువ అక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు 26 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, సెషన్ అయి పిట్‌లోకి రాగానే కొలవండి. వేడి మీద 30 నుంచి 32 మధ్య ఉండేలా వదిలి సరిచేయండి. ప్రతిసారీ దిగగానే కొలవాలి, పావుగంట తర్వాత కొలిచిన అంకె దేనికీ పనికిరాదు. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ గాలి పెట్టుకోవడం మర్చిపోవద్దు.

అలైన్‌మెంట్‌లో ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ రెండున్నర నుంచి మూడు డిగ్రీలు, వెనక మైనస్ రెండు నుంచి రెండున్నర. క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) వీలైనంత, ఐదు డిగ్రీల దాకా. ముందు టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా, వెనక మొత్తం 1.5 మిల్లీమీటర్లు లోపలికి. వెనక టో బయటికి ఉంటే మలుపులో యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో కారు గిర్రున తిరుగుతుంది. కంపెనీ బోల్టులతో ముందు అంత క్యాంబర్ రాకపోతే పొడుగు బాల్ జాయింట్లు వేయాలి, లేదంటే టైరు బయటి అంచు ఒక్క రోజులో అరిగిపోతుంది.

ముందు యజమాని ఎలాంటి కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ జోడీలు) వేశాడో చూడండి. తలుపు కింది సిల్ అడుగున ఉన్న వెల్డు అంచు నుంచి నేలకు ముందు నాలుగున్నర అంగుళాల కంటే తక్కువ ఉంటే ఆ కారు స్ప్రింగు మీద కాదు, స్ప్రింగు పూర్తిగా నొక్కుకుంటే తగిలే రబ్బరు బంప్ స్టాపుల మీద నడుస్తోంది. మలుపు మధ్యలో గతుకు వస్తే గంతేస్తుంది. ఎత్తు పెంచండి. స్ప్రింగుల గట్టిదనం అంగుళానికి ముందు 550, వెనక 325 పౌండ్లు వీధికీ ట్రాక్‌కీ రెండింటికీ కుదిరే జోడీ.

వెళ్లే ముందు రాత్రి

చక్రాల నట్లు 110 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచ్‌తో బిగించండి. రంగురంగుల అల్యూమినియం నట్లుంటే పారేసి ఉక్కువి వేయండి. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దాన్ని పట్టే పట్టీ గట్టిగా ఉందా, గాలి గొట్టాలు తగిలించి ఉన్నాయా చూడండి. ముందు యజమాని గొట్టాల్లేని మామూలు బ్యాటరీ పెట్టి ఉంటే అది మార్చాల్సిందే. బ్రేకు దీపాలు వెలగాలి. కారులో నీళ్ల సీసా, నాణేలు, కింది మ్యాట్లు, స్పేర్ చక్రం ఏదీ ఉండకూడదు. పెడల్ కింద దొర్లిన సీసా ఎంత పని చేస్తుందో ఊహించుకోవచ్చు.

మీ మామూలు కారు ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. ట్రాక్ మీద జరిగిన నష్టానికి వర్తించదని చాలా పాలసీల్లో రాసే ఉంటుంది. ఒక్క రోజుకు విడిగా అమ్మే ట్రాక్ డే పాలసీలున్నాయి. పది వేల డాలర్ల కారైతే వదిలేయాలా కొనాలా అన్నది మీ లెక్క, గోడకు గుద్దితే ట్రాక్ యజమాని గోడ ఖర్చు అడగొచ్చు, అది కూడా లెక్కలో వేసుకోండి.

శబ్దం సంగతీ కనుక్కోండి. కాలిఫోర్నియాలోని లగూనా సెకాలో చాలా రోజుల్లో 90-92 డెసిబెల్స్ దగ్గరే పరిమితి. మార్చిన సైలెన్సర్ ఉన్న మియాటాను రెండు రౌండ్లకే నల్ల జెండా చూపి బయటికి పిలుస్తారు. పైపు చివర శబ్దం కొలిచే చోటుకు అవతలి వైపుకు తిరిగి ఉండే వంపు ముక్క పెడితే కొంత తగ్గుతుంది.

ట్రాక్ మీద

మొదటిసారి అయితే ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చునే గ్రూపులోనే చేరండి. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ల ట్రాక్ నైట్ ఇన్ అమెరికా పనిరోజు సాయంత్రం జరుగుతుంది, ఖర్చు తక్కువ, కొత్తవాళ్లకు వేరే గ్రూపుంటుంది. నాసా అనే నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ వారాంతాల్లో నడుపుతుంది, ఇన్‌స్ట్రక్టర్‌నిస్తుంది. డ్రైవర్ల మీటింగ్‌కు ఆలస్యమైతే చాలా చోట్ల ట్రాక్ మీదికి రానివ్వరు.

పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ వద్దు. ఎర్రది అంటే అద్దంలో వెనక చూసుకుని అదుపుగా ఆపడం. నల్లది మీ వైపు చూపిస్తే పిట్‌కి రావాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే రోడ్డు మీద ఆయిలో మట్టో పడింది. నీలం మీద వాలుగా పసుపు చార ఉంటే వెనక వేగమైన కారుంది. మియాటా నడిపేవాళ్లకు ఈ చివరిదానితోనే పని ఎక్కువ. నిటారు దారుల్లో కార్వెట్‌లు, ముస్టాంగ్‌లు మీ వెనక వచ్చి నిలుస్తాయి. ముందే కిటికీ బయట చెయ్యి చాపి ఎటునుంచి వెళ్లాలో చూపించి, యాక్సిలరేటర్ కాస్త వదలండి. మలుపుల్లో వాళ్లను మళ్లీ పట్టుకుంటారు, అప్పుడు వాళ్లు చెయ్యి చూపించేదాకా ఆగాలి. చూపించకపోతే గుర్రుమనకుండా పిట్‌లోంచి ఒకసారి తిరిగొచ్చి ఖాళీ చోటు వెతుక్కోండి.

గేర్ తగ్గించేటప్పుడు తొందర వద్దు. నాలుగు నుంచి మూడుకనుకుని ఒకటిలో పడితే ఇంజన్ ఎర్ర గీత దాటి చాలా పైకి పోతుంది, రెవ్ లిమిటర్ దాన్ని ఆపలేదు. ఈ ఇంజన్ పగిలే దారుల్లో అదొకటి. లివర్‌ను చేత్తో గట్టిగా పట్టి లాగకుండా, అరచేత్తో తోయండి, అది తన దారిలో తాను మూడులోకి వెళ్తుంది.

ఇరవై నిమిషాల సెషన్‌కు కంపెనీ పవర్ 1.8 సుమారు ఎనిమిది లీటర్ల పెట్రోలు తాగుతుంది. ట్యాంకు 48 లీటర్లు. సగం కిందికి దిగితే పొడుగు మలుపుల్లో ఇంజన్ దగ్గడం మొదలవుతుంది. పెట్రోలు ఒక పక్కకు చేరి పంపుకు అందడం లేదన్నమాట. ఇది ఇగ్నిషన్ సమస్యనుకుని ప్లగ్గులు మార్చేవాళ్లున్నారు. రెండు సెషన్లకొకసారి నింపుకుంటే సరి.

చివరి రౌండు బ్రేకు తాకకుండా మెల్లగా తిరిగి రండి. పిట్‌లో హ్యాండ్‌బ్రేక్ వేయకండి, మండుతున్న డిస్కుకు ప్యాడ్ అతుక్కుంటుంది. గేరులో వదిలి చక్రం కింద చెక్క పెట్టండి. బానెట్ ఎత్తండి. అరగంట తర్వాత, చక్రాలు చల్లబడ్డాక నట్లు మళ్లీ టార్క్ చేయండి. ముఖ్యంగా మొదటి సెషన్ తర్వాత, అప్పుడే వదులవుతాయి.

ఇంటికొచ్చాక

ప్యాడ్ మందం వెనకున్న ఇనప పలక మందానికి దిగితే తర్వాతి ట్రాక్ డేకి కొత్తవి వేయండి. సన్నబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, అది నేరుగా కాలిపర్‌లోకి, నూనెలోకి పోతుంది. డిస్కు మీద వెంట్రుకంత గీతలు మామూలే, గీత అంచు దాకా పోయి గోరుకు తగిలితే డిస్కు మార్చాలి. హబ్‌లు మళ్లీ ఊపి చూడండి. టై రాడ్లు, బాల్ జాయింట్లు, సస్పెన్షన్ బోల్టులు బిగించాక ప్రతి దాని మీదా పెయింట్ పెన్‌తో ఒక గీత గీసి ఉంచితే, కదిలింది ఏదో వచ్చేసారి కారు కిందికి దూరగానే కంటికి కనబడుతుంది.